పోలమ్మ గారికి నంబరు పడిన రోజు

నా సర్వీసు ఆఖరి మూడేళ్ళూ నరసాపురం దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో గ్రేడ్ టూ లైబ్రేరియన్‌గా చేశాను. చేరిన ఏడాది ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర మీద మా దగ్గరున్న నాలుగు పుస్తకాలూ బల్ల మీద పేర్చి, పైన చార్టు కట్టాను. బానిసలుగా బతికిన దంపతుల కొడుకొకాయన అమెరికాలో చరిత్ర పంతులై, పాఠ్యపుస్తకాల్లో తన వాళ్ళ ఊసే లేదని పట్టుబట్టి, సుమారు వందేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక వారం మొదలుపెట్టాడనీ, అదే తర్వాత నెలంతా జరిపే పండగైందనీ అందులో రాశాను.

మర్నాడు జ్యోతి అని, చేపల వేటకెళ్ళే కుటుంబం పిల్ల, డిగ్రీ చదువుతోంది, అది చదివి నా దగ్గరకొచ్చింది. "మేడం, మా వాళ్ళ చరిత్ర ఏ రాక్‌లో ఉందండి?" అంది. చరిత్రకు మా దగ్గర తొమ్మిదివందల వరస నంబర్లు. అదంతా వెతికాను, మిగతా రాక్‌లూ చూశాను. చేపల పెంపకం మీద ఆరు పుస్తకాలున్నాయి గానీ, చేపలు పట్టే మనుషుల మీద ఒక్కటీ లేదు. ఛ, ఇన్నేళ్ళూ ఏం వెలగబెట్టానా అని నా మీద నాకే ఒళ్ళు మండింది. "లేదమ్మా. నువ్వే రాసి పట్రా, మీ వాళ్ళకీ ఒక వారం చేద్దాం" అన్నాను.

ఏడాది పొడుగునా వాళ్ళ నాయనమ్మ పోలమ్మ గారు చెబుతుంటే రాసింది. ఏ గాలికి వల వెయ్యాలో, తుఫానులో ఎవరి పడవ తిరిగి రాలేదో, రేవులో ఆడవాళ్ళు వేలం ఎలా పాడేవారో అన్నీ. మరుసటి ఫిబ్రవరిలో ఆ లాంగ్ నోట్‌బుక్‌ని బల్ల మధ్యలో పెట్టాను. పోలమ్మ గారు ఆ పూట చేపల బేరం మానుకుని చూడ్డానికి బయల్దేరారు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి దిగారు. ఆక్సెషన్ నంబరు, అంటే ప్రతి పుస్తకానికీ రిజిస్టర్లో ఇచ్చే వరస నంబరు, లేనిదేదీ ప్రదర్శనలో ఉండకూడదు, తీసెయ్యండి అన్నారు. జ్యోతి మొహం ఇంతైపోయింది. నాయనమ్మ వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంటుందని ఆ పిల్ల బెంగ.

రూల్సు ఆయనొక్కరికేనా, నాకూ వచ్చు! "నంబరే కదా సార్, ఇస్తాను" అన్నాను. విరాళం కింద తీసుకుని, మొదటి పేజీ మీదా, పుస్తకం పోతే గుర్తుపట్టడానికి మేం గుట్టుగా ముద్ర వేసే లోపలి పేజీ మీదా సీలు కొట్టాను. రిజిస్టర్లో రచయిత గడిలో పోలమ్మ గారి పేరూ, దాత గడిలో జ్యోతి పేరూ ఎక్కించాను. తనిఖీకొచ్చినవారు చివరి నంబరు కింద సంతకం పెట్టి తీరాలి. ఆ రోజుకి చివరి నంబరు అదే. ఆయన కళ్ళజోడు సర్దుకుని, తప్పదన్నట్టు పెట్టారు. నాకైతే అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది.

అంతలో పోలమ్మ గారు వచ్చారు. రిజిస్టరు తెరిచి ఉండటం చూసి, ఏ ఆఫీసులోనైనా ఆవిడకి జరిగేది అదే కాబట్టి, బొటనవేలు చాపి, "ఏలిముద్ర ఎక్కడెయ్యాలండీ?" అన్నారు.

"మీకక్కర్లేదండి. పుస్తకం మీది. సంతకం ఈ సార్‌ది" అన్నాను.

"అయితే ఇయ్యాల ఆఫీసరుగోరి చేతే పెట్టించామన్నమాట!" అని ఆవిడ పకపకా నవ్వారు. పాపం ఆయనా నవ్వేశారు.

ఆ వారం ఇప్పటికీ ఏటా జరుగుతోంది. వచ్చిన పుస్తకానికి నంబరు ఇవ్వడమే లైబ్రేరియన్ పని అనుకుంటూ సర్వీసంతా చేశాను. రాని పుస్తకాన్ని రాయించడం కూడా ఆ పనేనని ఆఖర్లో తెలిసింది.