మూత మీద చెయ్యి

ఆబిడ్స్‌లో లియాంగ్ చైనా హోటల్ నిలబడింది రుచి మీద కాదు, మూతల మీద. అది 1944. చైనావాడు కదా, పంది కొవ్వు వెయ్యకుండా వండుతాడా అని ఊరి అనుమానం. కలకత్తా నుంచి వచ్చిన లియాంగ్ ఎవరితోనూ వాదించలేదు. వంటింటి తలుపు బార్లా తీసి పెట్టాడు. ఎవరైనా లోపలికి రావచ్చు, ఏ మూతైనా ఎత్తి చూడవచ్చు, వేలితో తీసి రుచి చూడవచ్చు. వంటవాళ్లు అడ్డం రాకూడదు. ఆ ఒక్క పద్ధతితోనే బల్లలు నిండాయి. నాంపల్లి స్టేషన్ రోడ్డులో రెండో హోటల్ తెరవబోతున్నాడు. దానికి పెద్ద వంటవాడు యేసుదానమే అని అందరికీ తెలుసు.

యేసుదానం మెదక్ వైపు క్రైస్తవుడు. గిన్నెలు తోమడానికి చేరి, చూసి చూసి నూడుల్స్ వేయించడం నేర్చుకున్నాడు. ఆ వారం అతని అత్త జయమణి తన కూతురు, యేసుదానం భార్య మాబెల్‌ని చూడవచ్చి, ఒక డబ్బా పందిమాంసం తొక్కు పచ్చడి ఇచ్చిపోయింది. వాళ్లు కిరాయికి ఉంటున్నది నాంపల్లిలో శంకరమ్మ ఇంట్లో. అక్కడ గుడ్డు పెంకు కనపడినా సామాను వీధిలో పడుతుంది.

“పారేద్దాం,” అన్నాడు యేసుదానం.

“మా అమ్మ గంత దూరం మోసుకొచ్చింది. నీకు పారేసుడొక్కటే తెలుసు,” అంది మాబెల్. “మా హెర్బర్ట్ అన్నకియ్యి. పొద్దుగాల మీ హోటల్ దిక్కు వస్తడు.”

అలా ఒక ఇంటి మడి నుంచి తప్పించుకున్న డబ్బా ఇంకో చోటి నియమంలోకి నడిచింది. మధ్యలో మోసేవాడి గతేమిటో ఏ మతమూ ఆలోచించినట్టు లేదు.

హెర్బర్ట్ రాలేదు. యేసుదానం డబ్బాను నూనె డబ్బాల వెనక పెట్టి, ప్రతి అడుగుల చప్పుడుకూ గుమ్మం వైపు చూశాడు. చివరికి వచ్చింది హెర్బర్ట్ కాదు, కరీముద్దీన్ సాహెబ్. కూతురి నిశ్చితార్థం విందు ఇక్కడే పెట్టాలని ఆయన ఆలోచన. వెనకే లియాంగ్.

సాహెబ్ నూడుల్స్ మూత ఎత్తాడు. కోడి పులుసులో చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

“నా టోపీ గూడ ఎత్తి చూడున్రి సాబ్,” అన్నాడు రెండో వంటవాడు రాజమల్లు.

సాహెబ్ నవ్వుతూనే నూనె డబ్బాల వైపు వంగాడు. “గా చిన్నదాంట్ల ఏముంది?”

యేసుదానం సాహెబ్ వేలి వైపు చూశాడు. మేక మాంసమని చెబితే సరిపోయేది, చూసి ఎవడు గుర్తుపడతాడు? కానీ ఆ చిటికెన వేలు మళ్లీ లేస్తోంది. ఆయన రుచి చూస్తాడు. తర్వాత ఎప్పుడో తెలిస్తే ఈ హోటల్ గోడలు కూడా మిగలవు. తెలియకపోతే, తెలిసినవాడు తనొక్కడే మిగులుతాడు. అదింకా భయం.

అతని చెయ్యి వెళ్లి మూత మీద పడింది.

వంటింట్లో గరిటెల చప్పుడు ఆగిపోయింది. అక్కడ గిరాకీ చేతిని ఆపినవాడు ఇంతవరకూ లేడు.

“వద్దు సాబ్. గిది హోటల్‌ది కాదు, నాది,” అన్నాడు. “మా అత్త తెచ్చింది. పంది తొక్కు. మీరు ముట్టొద్దు.”

సాహెబ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లియాంగ్ డబ్బా దగ్గరికి వచ్చాడు.

“మా గరిటె దీంట్ల పెట్టినవా?” అడిగాడు లియాంగ్.

“లేదు సేఠ్. మూతే తీయలే.”

సాహెబ్ కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు.

“విందు ఇక్కడే,” అన్నాడు సాహెబ్ చివరికి, తువాలు వెతుక్కుంటూ. “కొత్త గిన్నెలల్ల. ఈయన చెయ్యి మాత్రం పడొద్దు.”

లియాంగ్ తల ఊపాడు.

నిజం చెప్పినవాడికి మేలు జరుగుతుందని బోధించేవాళ్లు ఈ లెక్క చూసుకోవచ్చు. విందు రాజమల్లు వండాడు. నాంపల్లి హోటల్ కూడా అతనికే పోయింది. యేసుదానం ఆబిడ్స్ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయాడు. పని పోలేదు కదా అని మొదటి నెలంతా వణుకుతూనే సంతోషపడ్డాడు.

సాహెబ్ వచ్చిపోయిన రోజు సాయంత్రం మాబెల్ గుమ్మంలోనే అడిగింది. “అన్నకిచ్చినవా?”

డబ్బా దారిలో మురికి మోరీలో ఉంది.

“ఔ, ఇచ్చిన.”

“మంచిగున్నదన్నడా? అయితే వచ్చే నెల ఇంకోటి తెమ్మని అమ్మకు చెప్త.”

యేసుదానం లోపలికి వచ్చి కూర్చున్నాడు. “మాబెల్,” అన్నాడు, “జర తలుపెయ్యి. నీకొక మాట చెప్పాలె.”