హిరానుమా టోపీ

హిరానుమా ఇరవై రెండేళ్లుగా బంతులు కొట్టించుకుని బతుకుతున్నాడు. రోజూ సాధనలో నూట ఇరవై బంతులు విసరడం, వాటిని మా బేస్‌బాల్ జట్టు బ్యాటర్లు కసిదీరా బాదేలా చూడడం అతని ఉద్యోగం. బంతి స్టాండ్లలో పడితే పని బాగా చేసినట్టు. పడకపోతే తప్పు అతనిది. ఓడిపోవడానికి జీతమిచ్చే ఉద్యోగం ప్రపంచంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. నా పేరు ఇసొబె. బ్యాటర్లు వదిలేసిన బంతులు వెనక కూర్చుని పట్టుకునేవాణ్ణి. హిరానుమా సంగతి అతని భార్య కన్నా నాకే ఎక్కువ తెలుసని ఆవిడ ముందే అంటుంటాను. ఆవిడా కాదనదు.

కుర్రతనంలో అతను కూడా నిజం మ్యాచుల్లో విసిరినవాడే. మూడంటే మూడు మ్యాచులు. మూడోదాంట్లో బంతి చేయి జారి అవతలి బ్యాటర్ చెంప ఎముక విరగ్గొట్టింది. బంతి ఒంటికి తగిలితే మా దేశంలో విసిరినవాడు టోపీ తీసి వంగి క్షమాపణ చెబుతాడు. ఆ రోజు దెబ్బ తిన్నవాణ్ణి మోసుకుపోయాక కూడా హిరానుమా వంగే ఉన్నాడు. ఎవరో వచ్చి భుజం పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఇక అప్పటినుంచి బ్యాటర్ ఒంటి పక్కకి బంతి వేయడం ఆ చేతి వల్ల కాలేదు. మ్యాచులకి పనికిరాని ఆ చేయే సాధనలో మాకు బంగారమైంది. ఎంత విసిరినా ఎవరికీ తగలదు మరి.

కుసునొకి మా జట్టులో అందరికన్నా గొప్ప బ్యాటర్. తొమ్మిదేళ్లుగా సాధనలో హిరానుమా బంతులు తప్ప ముట్టడు. ఎడమ కాలు కొంగలా పైకెత్తి, గాల్లో కాసేపు ఉంచి, దించుతూ కొడతాడు. మా వీధిలో పిల్లలు చీపుళ్లు పట్టుకుని అదే చేస్తారు. నిరుటి శీతాకాలం అమెరికా జట్టొకటి అతన్ని తీసుకుంది. ఊరంతా సంబరం. నాకు మాత్రం దిగులేసింది. అంతకు ముందు మా దగ్గర్నుంచి ఇద్దరు వెళ్లారు. ఇక్కడ ఏడాదికి స్టాండ్లలో పడే హోమ్ రన్లు ముప్ఫై కొట్టినవాళ్లు అక్కడ ఎనిమిది దాటలేదు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అని పత్రికలు రాశాయి.

వాళ్లేమీ చేతకానివాళ్లు కాదు. మా దగ్గర బంతి విసిరేవాడు కాలెత్తి ఒక క్షణం ఆగుతాడు. బ్యాటర్ కూడా కాలెత్తి ఆగుతాడు. ఇద్దరూ కలిసి దిగుతారు. అమెరికా వాళ్లకి ఆ ఆగడం లేదు. కాలు లేచిందో లేదో బంతి మీదికొచ్చేస్తుంది, వచ్చి వచ్చి చివర్లో పక్కటెముకల వైపు తిరుగుతుంది. అప్పటికి మనవాడి కాలు ఇంకా గాల్లోనే ఉంటుంది.

జనవరిలో కుసునొకి మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని మియజాకి తీరంలో ఓ చిన్న ఊరి మైదానానికి వెళ్లాడు. ముందుగా బంతులు విసిరే మిషన్ పెట్టాడు. ఎంత వేగం పెంచినా రెండ్రోజుల్లో ఉతికి ఆరేశాడు. మూడో రోజు దాన్ని ఆపేశాడు.

"లాభం లేదన్నా. అది నన్ను కొట్టదని నా కాలికి తెలిసిపోయింది" అన్నాడు. "నువ్వు విసురు. దగ్గరికొచ్చి, ఆగకుండా, నా పక్కటెముకల మీదికి."

హిరానుమా నవ్వాడు. ఎదుటివాడు నవ్వకపోయేసరికి నవ్వు ఆపేశాడు.

"నీ ఒంటి మీదికా? నా వల్ల కాదు కుసునొకీ. ఇంకెవరినైనా చూసుకో."

"తొమ్మిదేళ్లు నీ బంతులే తిని పెరిగాను. ఇప్పుడు ఎవరినని చూసుకోను? ఏ రోటి కాడ ఆ పాట పాడాలన్నా. ఈ కొంగ కాలు దించకపోతే మే నెలకల్లా నన్ను బెంచీ మీద కూర్చోబెడతారు. నాకు ముప్ఫై ఒకటి. మళ్లీ పిలిచేవాడెవడు?"

"నీకేమైనా అయితే?"

"అక్కడ ముక్కూ మొహం తెలియనివాడు కొట్టే బదులు ఇక్కడ నువ్వే కొట్టు."

హిరానుమా నా వైపు చూశాడు. "నన్నేం చూస్తావురా? నేను పట్టుకునేవాణ్ణి. వాడికి తగిలితే నాకే శ్రమ తగ్గుతుంది" అన్నాను. అతని మొహం కాస్త విప్పారాలని అన్నాను. విప్పారలేదు.

కొట్టిన బంతి విసిరేవాడికి తగలకుండా అడ్డుపెట్టే వల ముందుకు జరిపాం. బుట్ట నిండా బంతులు పెట్టుకుని దాని వెనక నుంచి మొదలుపెట్టాడు. నేను గ్లవ్‌ని కుసునొకి పక్కటెముకల దగ్గర పెడితే బంతి అవతలి పక్కకి పోతుంది. ఒకటి కాదు, బుట్టకి బుట్ట. మూడు రోజులు అలాగే. పక్కకి దూకి దూకి నా మోకాళ్లు అరిగాయి. సాయంత్రం అతను ఓదెన్ పులుసు గిన్నె పక్కకి నెట్టేసి లేచిపోయాడు. మర్నాడు రాడనుకున్నాను. పొద్దున్నే మా ఇద్దరికన్నా ముందొచ్చి మైదానం ఊడుస్తున్నాడు.

నాలుగో రోజు బంతి నా గ్లవ్ వైపు వచ్చింది. వచ్చి కుసునొకి తొడ మీద ధబ్బున తగిలింది. హిరానుమా టోపీ తీసి, వల దాటి పరుగున వచ్చి, నడుము విరిగేలా వంగాడు.

"టోపీ పెట్టుకో!" కుసునొకి తొడ రుద్దుకుంటూ అరిచాడు. "అక్కడెవడూ టోపీ తీయడన్నా! నువ్వు తీస్తే నేను అక్కడా దానికోసం చూస్తూ నిలబడతాను. పో, వెళ్లి ఇంకోటి వెయ్యి!"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. తగిలిన ప్రతిసారీ హిరానుమా చేయి టోపీ మీదికి పోయేది. చివరికి నేనే ఆ టోపీ లాక్కుని నా జేబులో కుక్కుకున్నాను. ఏం లాభం? ఇప్పుడు బంతి తగిలితే చేయి ఖాళీ బట్టతల మీదికి పోయి, టోపీ లేదని తెలుసుకుని, నెత్తి నిమిరి దిగేది. కమలాపళ్లు తెచ్చిచ్చే ఊరి ఆడవాళ్లు కంచె పట్టుకుని పగలబడి నవ్వేవాళ్లు. కుసునొకి కూడా నవ్వేవాడు, కమిలిన మోచేయి పట్టుకుని.

నెలాఖరుకి అతని ఒంటి మీద పదకొండు మచ్చలు తేలాయి. కొంగ కాలు దిగింది. మడమ మాత్రం అంగుళం లేచి పడేది. ఆఖరి రోజు పక్కటెముకల మీదికొచ్చిన బంతిని కొడితే నేరుగా హిరానుమా ముందున్న వలకి తగిలి వల కూలింది. కింద పడి లేచి హిరానుమా అన్న మాట ఒక్కటే: "ఇంకోటి." నలభై ఆరేళ్ల మనిషి, ఇరవై రెండేళ్ల భయం మీద చేయి వేసి రోజూ నూట ఇరవైసార్లు విసిరాడు. మ్యాచులు గెలిచినవాళ్లని చాలామందిని చూశాను. అంత ధైర్యం చూడలేదు.

ఏప్రిల్‌లో అక్కడ ఆటలు మొదలయ్యాయి. అమెరికాలో రాత్రి ఆట మాకు పొద్దున. క్యాంటీన్‌లో అన్నం తింటూ టీవీ చూసేవాళ్లం. మొదటి ఆరు మ్యాచుల్లో కుసునొకి కొట్టింది ఒక్క హిట్. మా బ్యాటింగ్ కోచ్ సకుమ హిరానుమాని దులిపేసేవాడు.

"లక్షణమైన కొంగ కాలు. దాన్ని విరిచింది నువ్వేగా? అతను అక్కడికి పోయి వచ్చేసరికి ఆట కూడా మర్చిపోతాడు."

హిరానుమా అన్నం సగం వదిలేసేవాడు.

ఏడో మ్యాచ్‌లో బంతి వచ్చి కుసునొకి పక్కటెముకల మీద తగిలింది. టీవీలో కూడా చప్పుడు వినబడింది. అతను మోకాలి మీద కూలబడ్డాడు. విసిరినవాడు గింజలు నములుతూ అటు తిరిగి నిలబడ్డాడు.

హిరానుమా చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. లేచాడు. టోపీ తీసి టీవీ వైపు వంగాడు. కుసునొకి లేచి, ఒంటికి తగిలినందుకు ఊరికే దక్కిన మొదటి బేస్ మీదికి నడిచిందాకా అలాగే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. సకుమ కూడా కళ్లు దించుకున్నాడు.

తర్వాతి వంతు. అదే మనిషి, అదే చోటికి, ఇంకా వేగంగా విసిరాడు. దెబ్బ తిన్నవాడు వెనక్కి జరుగుతాడని వాళ్ల లెక్క. కుసునొకి జరగలేదు. మడమ అంగుళం లేచింది, దిగింది. బంతి ఎడమ వైపు గోడకి కొట్టుకుని వెనక్కొచ్చేసరికి అతను రెండో బేస్ మీద ఉన్నాడు.

క్యాంటీన్ దద్దరిల్లింది. వంటావిడ గరిట పట్టుకునే వచ్చేసింది. టీవీలో కుసునొకి రొప్పుతూ నిలబడి, హెల్మెట్ తీసి, అరచేత్తో నెత్తి ఒకసారి నిమురుకున్నాడు. బాగా చెమట పట్టినట్టుంది అన్నాడు వ్యాఖ్యాత.

"చెమటేనా?" సకుమ నన్నడిగాడు.

నేను పక్కకి తిరిగి చూశాను. హిరానుమా టోపీ బల్ల మీదే ఉంది. అతని చేయి కూడా నెత్తి మీదే ఉంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా దాన్ని దించలేకపోతున్నాడు.