పదకొండు వరుసల కాగితం

1983 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక మ్యూజియంలో వీడియో ఇంజనీరుగా చేరాను. అంతకుముందు ఆరేళ్ళు ఒక టీవీ స్టేషన్‌లో మెయింటెనెన్స్ చూశాను. మ్యూజియంలో ఇంజనీరుకేం పనని పార్సిప్పనీ ఊళ్ళో ఉండే మన తెలుగువాళ్ళు ఆటపట్టించేవారు. అప్పటికే కళాకారులు టీవీలతో కళాఖండాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ టీవీలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగకుండా ఆడాలి. ఆ పూచీ నాది. హోదాలో నా పైన చీఫ్ టెక్నీషియన్, ఆయన పైన క్యురేటర్. ఏది ప్రదర్శించాలో, ఎక్కడ పెట్టాలో క్యురేటరే నిర్ణయిస్తారు.

నేను చేరిన నెలకి షు-ఫెన్ అనే తైవాన్ ఆవిడ ఆ ఏడాదికి గెస్ట్ క్యురేటర్‌గా వచ్చింది. పొట్టి జుట్టు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్. ఆవిడ స్వయంగా వీడియో కళాకారిణి. తొలి ప్రదర్శనకి తన కళాఖండాన్నే ఎంచుకుందని పైవాళ్ళు కొందరు సణిగారు. అది నవ్వులపాలైతే ఆవిడ పని ఏడాదితో సరి. ఈ సంగతి అందరికీ తెలుసు.

ఆ కళాఖండం చూడ్డానికి చాలా సాదాగా ఉండేది. అర్ధచంద్రాకారంలో పన్నెండు టీవీ మానిటర్లు, ఒకే టేపు. టేపులో జెర్సీ తీరంలో తీసిన అలలు, ఇరవై నిమిషాలు. అంతే. పన్నెండు టీవీల్లోనూ ఒకే సముద్రమైతే ఒక టీవీ చాలదా అనుకున్నాను గానీ, అది నేను అడగవలసిన ప్రశ్న కాదు.

ప్రదర్శన శుక్రవారం సాయంత్రం ఆరింటికి. గురువారం మా ఆవిడ డ్రైవింగ్ టెస్ట్ ఉందని సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే ఒళ్ళు మండింది. ఒక టీవీలో సముద్రం పాచిపట్టినట్టు పచ్చగా ఉంది, ఒకదాంట్లో వంకాయ రంగు, ఇంకోదాంట్లో బూడిద. నేనొక్కరోజు లేకపోతే ఇంత అన్యాయమా అని చొక్కా చేతులు మడిచాను.

టీవీ రంగు సరిచేయడానికి ఒక పద్ధతుంది. ముందు కలర్ బార్స్ అనే రంగుపట్టీల సిగ్నల్ ఇస్తాం. ఆ పట్టీలు ఉండవలసినట్టు కనిపించేదాకా వెలుగు, రంగు, ఛాయల నాబ్‌లు తిప్పుతాం. అయితే నాబ్ మీద చెయ్యి వేసేముందు, అది ఎక్కడుందో కాగితం మీద రాయాలి. నాబ్ మీది గీతని గడియారం ముల్లుగా లెక్కేసి ‘రంగు రెండు గంటలు, ఛాయ పదకొండున్నర’ అని. సరిచేశాక కొత్త స్థానం కూడా పక్క గడిలో రాయాలి. స్టేషన్‌లో ఇది రాయనివాడికి చీవాట్లు తప్పేవి కావు.

అచ్చువేసిన ఆ కాగితంలో టీవీకొకటి చొప్పున వరుసలు పదకొండే. పన్నెండో టీవీ దగ్గరికి వచ్చేసరికి కొత్త కాగితం కోసం స్టోర్‌రూమ్‌కి వెళ్ళాలి. ఒక్కదానికి ఏం కొంప మునుగుతుందిలే అని బద్ధకించాను. రాయకుండానే తిప్పేశాను. పొద్దున పదకొండు గంటలకల్లా పన్నెండు టీవీల్లోనూ అచ్చంగా ఒకే సముద్రం. దూరంగా నిలబడి చూసుకుని తెగ మురిసిపోయాను.

షు-ఫెన్ కాఫీ కప్పుతో లోపలికి వచ్చింది. కప్పుని నెమ్మదిగా నేలమీద పెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“రావ్, నిన్న పన్నెండుమంది వచ్చారు. నీకెవరూ చెప్పలేదా?”

అప్పుడు చెప్పింది. వాళ్ళంతా తైవాన్ నుంచి వచ్చి జెర్సీలో స్థిరపడ్డవాళ్ళు. ఒక డెంటిస్ట్, ఒక హోటల్ వంటాయన, ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఇలా. ఒక్కొక్కరూ ఒక్కో టీవీ ముందు కూర్చుని, తమ ఊరి సముద్రం రంగు వచ్చేదాకా నాబ్‌లు తిప్పారు. ఆవిడ కళాఖండం అదీ. సాయంత్రం ఒక్కరు తప్ప వాళ్ళంతా కుటుంబాలతో వస్తున్నారు.

“పని మానుకుని వచ్చారు. వాళ్ళ సముద్రం వాళ్ళకి చూపిస్తానని మాటిచ్చాను,” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే చేతిలో కాగితం గుర్తొచ్చింది. అందులోని పాత స్థానాలు ఆవిడ చదువుతుంటే నేను తిప్పాను. ఒక్కో సముద్రం తిరిగి వస్తుంటే ఆవిడ గొంతు తేలికపడింది. “ఇదిగో డెంటిస్ట్! ఇదిగో మా వంటాయన!” అంటూ మనుషుల్ని పలకరించినట్టే పలకరించింది. పదకొండూ అయ్యాక కాగితం తిరగేసి చూసింది. వెనక ఏమీ లేదు.

పన్నెండోది టీచరమ్మ శ్రీమతి వూ గారిది. ఆవిడ ఆ పొద్దునే కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి విమానమెక్కేశారు. గుర్తున్నంతవరకు తిప్పి చూస్తానన్నాను. షు-ఫెన్ ఒప్పుకోలేదు.

“ఆవిడ రంగుని నువ్వు ఊహించకూడదు. నీకో సముద్రం ఉందా?”

“ఉంది. కాకినాడ.”

“అయితే కూర్చుని పెట్టు. కలర్ బార్స్ ముట్టుకోకు.”

గంట పట్టింది. కొలత లేకుండా కంటిని నమ్మడం నాకు అలవాటులేదు. చెయ్యి మాటిమాటికీ నీలం వైపే పోయేది. మా సముద్రంలో గోదావరి ఒండ్రు కలుస్తుంది, అది నీలంగా ఉండదని నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది. చివరికి పల్చటి టీ రంగు దగ్గర ఆగాను. స్టేషన్‌లో అలాంటి బొమ్మ ప్రసారం చేసుంటే ఆ రోజే ఇంటికి పంపేవారు.

“ఇది సముద్రమేనా?” అని నవ్వింది షు-ఫెన్.

“మా ఊళ్ళో ఇదే,” అన్నాను.

టీవీల కింద అంటించడానికి తెచ్చిన పేర్ల చీటీల్లోంచి శ్రీమతి వూది తీసేసి, నా పేరు రాసి అంటించింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. వంటాయన తన టీవీ ముందు నిలబడి, రంగు విషయంలో భార్యతో పెద్ద వాదన పెట్టుకున్నాడు. అంతకుముందు సణిగిన పైవాళ్ళు సైతం ఆ వాదన వింటూ కదల్లేదు. పార్సిప్పనీ నుంచి వచ్చిన మా డాక్టరుగారు మాత్రం నన్ను పక్కకి పిలిచారు. “రావుగారూ, ఆ లాస్ట్ టీవీలో కలర్ పోయినట్టుందండీ. ఒకసారి చెక్ చేయండి.”

లైసెన్స్ వచ్చిన మర్నాడే మా ఆవిడ ఒంటరిగా కారు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. ఆ గర్వంతో చుట్టూ చూస్తూ పన్నెండో టీవీ దగ్గర ఆగిపోయింది.

“ఏవండీ, ఇదేంటి, మన కాకినాడలా ఉంది!”

కింద నా పేరున్న చీటీ తను ఇంకా చూడలేదు.

మూడు వారాలకి శ్రీమతి వూ తిరిగొచ్చారు. నేనే ఎదురెళ్ళి జరిగింది చెప్పి క్షమించమన్నాను. “మీదీ ఉండనివ్వండి,” అన్నారావిడ. చివర ఇంకో మానిటర్ బిగించాను. ఆవిడ దాని ముందు కూర్చుని ఐదు నిమిషాల్లో తన సముద్రం రంగు పెట్టేశారు. గంట పట్టిన నాకు కొంచెం సిగ్గేసింది. ఏడాది తిరిగేసరికి షు-ఫెన్ పని పర్మనెంట్ అయింది.

నాబ్ ఎక్కడుందో రాయడం నాకు ముందే వచ్చు. దాన్నక్కడ ఎవరు పెట్టారో అడగాలని ఆ శుక్రవారం తెలిసింది. మా కాగితాన్ని మళ్ళీ అచ్చువేయించి, మొదటి గడిగా ‘ఎవరు పెట్టారు’ అన్నది చేర్చాను. నేను రిటైరయ్యేదాకా ఆ కాగితమే వాడారు. అందులో వరుసలు పదమూడు.