జాడీ లోపలి మట్టి

సాయంత్రం మా ఆయన పని ముగించి లేవగానే తేయాకు గింజల నూనెతో ఆయన వేళ్లకంటిన లక్కను నేనే రుద్ది తీసేదాన్ని. సబ్బుకు లొంగేది కాదది. ఇప్పుడు ఆ వేళకు బియ్యం కడుగుతున్నాను. ఒక్కదానికే గనక వంట త్వరగా అయిపోతుంది. తర్వాత ఏం చేయాలో తోచదు.

ఆయన పేరు యావో దున్‌హే. ఫుజౌలో పాత లక్క సామాను బాగుచేసేవాడు, కొత్తవీ చేసేవాడు. ముందు మట్టితో లోపల బోలుగా జాడీ ఆకారం చేసి, దానిమీద లక్కలో తడిపిన గుడ్డను పొరలు పొరలుగా అతుకుతారు. ఆరాక నీళ్లలో నానబెడితే మట్టి కరిగిపోయి, లక్క జాడీ ఎండుటాకంత తేలిగ్గా మిగులుతుంది.

మా పుట్టింటివాళ్లది దెహువాలో పింగాణీ పని. కాపురానికొచ్చిన కొత్తలో మట్టి ఆకారం నేను చేస్తానని చేసి, అలవాటు కొద్దీ కాల్చేశాను. ఆయన చూసుకోకుండా లక్క వేశాడు. ఎంత నానబెట్టినా మట్టి కరగలేదు.

"ఏం చేశావే దీన్ని?"

"కాల్చాను. మట్టన్నాక కాల్చరా?"

"బాగుంది. మీ నాన్న కూతురితో పాటు కుండను కూడా నాకే అంటగట్టాడు."

ఆ తర్వాత మట్టిపని నాదే అయింది.

ఒకసారి పాత లక్క జాడీ ఒకటి బాగుచేయడానికి వచ్చింది. వెడల్పు భుజాలు, చిన్న మూతి. అచ్చం మా నాన్న చేసే జాడీయే.

"మావాళ్లను చూసి చేశారు మీవాళ్లు" అన్నాను.

"మమ్మల్ని చూసి మీవాళ్లే చేశారేమో."

ఏళ్ల తరబడి ఆ మాట మీద పోట్లాడుకున్నాం. ఇప్పుడు నేను ఎవరితో అనను?

నిరుడు అలాంటిదే ఒకటి మొదలుపెట్టాడు. నా మణికట్టు బెణికిందని మట్టి కూడా తనే చేశాడు. లక్క పూర్తయింది. నానబెట్టేలోపు దగ్గుతో మంచం పట్టి, లేవలేదు.

మొన్న మరిది చెంగ్‌వీ వచ్చాడు.

"వదినా, ఇంకా నానబెట్టలేదా?"

"లేదు."

"మట్టి ఉన్నంతవరకు అది జాడీ కాదు, బండరాయి. అన్నయ్య చివరి పని, నలుగురూ చూడొద్దూ?"

"చూడాలి."

"మరెందుకు ఆలస్యం? నన్ను చేయమంటావా?"

"నేనే చేస్తాలే. నువ్వు గంజి తాగి వెళ్లు."

అతను అన్నది నిజమే. అతను వెళ్లాక తొట్టి నిండా నీళ్లు పోశాను. జాడీని దగ్గరకు తీసుకుని, వెలుతురుకు వంచి మూతిలోంచి చూశాను. మట్టి మీద ఆయన వేళ్ల గుర్తులున్నాయి. బొటనవేలు నొక్కినచోట లోతుగా ఉంది. పైన లక్క అద్దంలా ఉంది. చెయ్యి పడిన జాడ ఒక్కటి కనిపించినా మళ్లీ అరగదీసేవాడు. ఇంట్లో ఏ వస్తువు మీదా ఆయన చెయ్యి కనబడదు.

చాలాసేపు అలా పట్టుకుని కూర్చున్నాను. చేతులు నొప్పెట్టాయి.

తొట్టిలో నీళ్లతో గడప కడిగాను. జాడీని నానబెట్టలేదు.