పానా అక్క తన గొట్టం తానే పీకిన ఆదివారం

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పానా అక్కే. ప్లంబింగ్ పని, చెక్కుచెదరని ఒక పానా, వీధి చివరికి వినిపించే గొంతు, ఈ మూడూ ఆమెకు తండ్రి నుంచి వచ్చాయి. సింకు కింద దూరి పడుకుని కూడా జోకులు వేస్తుంది. పని అయ్యాక కుళాయి తిప్పి, ధార చూసి, "ఇక బుద్ధిగా ఉండు తల్లీ" అని దానికే చెప్పి లేస్తుంది.

మా వీధి ఏటవాలుగా ఉంటుంది. మెయిన్ పైపు దిగువ నుంచి ఎగువకు ఎక్కుతుంది. దిగువన ఉన్నవాళ్ళం మీటరు ఉన్న కనెక్షన్ చాలక, నేరుగా మెయిన్ పైపుకే ఇంకో గొట్టం తగిలించి మోటారు పెట్టుకున్నాం. మా ఇంట్లోనూ ఉండేది, దాచడమెందుకు? మేము తోడుకోగా మిగిలింది ఎగువ ఇళ్ళకు సన్నటి దారంలా వచ్చేది. అక్కడ బకెట్ నిండడానికి గంట పట్టేది.

ఈ సంగతి వార్డు మెంబరుకు తెలుసు. "మీ గొట్టాల జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటా, మీరు నన్ను చూసుకోండి" అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. మూడు ఎన్నికల్లో ఆయన్ని అలాగే చూసుకున్నాం. ఆ గొట్టాలన్నీ బిగించింది పానా అక్కే. మొదటిది వాళ్ళ ఇంటికే బిగించుకుంది.

కిందటేడాది మెంబరు బావమరిది కాంట్రాక్టు తీసుకుని కొత్త మెయిన్ పైపు వేశాడు. మా గొట్టాలను ఉన్నవి ఉన్నట్టే దానికి కలిపేశాడు. నెల తిరక్కుండానే అది పగిలింది. తెల్లారి లేచేసరికి గుమ్మాల ముందు చెప్పులు పడవల్లా తేలుతున్నాయి. పానా అక్క గుంటలో దిగి, విరిగిన ముక్క పైకెత్తి చూపించింది.

"ఇది పైపా, చెప్పుల డబ్బా అట్టా? ఉండాల్సిన మందంలో సగం కూడా లేదు!"

ఆ ఆదివారం పొద్దున రిటైరైన లెక్కల మాష్టారి వరండాలో దిగువ వీధంతా చేరింది. మెంబరును తిట్టనివాళ్ళు లేరు. తిట్టి తిట్టి గొంతులు ఎండిపోయాక, విచారణ జరిపించమని పై అధికారికి మాష్టారు అర్జీ రాశారు. గట్టిగా చదివి వినిపించారు. చప్పట్లు మోగాయి. తర్వాత పెన్ను చేతులు మారింది. ఒకరు కళ్ళజోడు తేలేదన్నారు. ఒకరు మా ఆయన్ని అడగాలన్నారు. నేను పెన్ను రాయడం లేదన్నాను. అలా చుట్టూ తిరిగి, ఒక్క సంతకమైనా లేకుండా అది మాష్టారి చేతికే వచ్చింది. ఆయనా దాన్ని జేబులో పెట్టుకున్నారు.

పానా అక్క పగలబడి నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?" అంది పక్కనే కూర్చున్న ఆమె అత్తగారు.

"విచారణ అంటే తవ్వుతారు అత్తయ్యా. తవ్వితే బావమరిది పైపొక్కటే బయటపడుతుందా? నేను బిగించినవన్నీ పడతాయి. అందుకే పెన్ను ఎవరి చేతిలోనూ నిలవట్లేదు."

మా పక్కింటి బస్సు డ్రైవరు ఉండబట్టలేక అడిగాడు. "అయితే ఆయన తిన్నదీ, మనం నాలుగు బిందెలు పట్టుకున్నదీ ఒకటేనా అక్కా?"

"ఒకటెందుకవుతుంది అన్నా? ఆయన తిన్నది కొండంత. కానీ మన నోరు నొక్కింది ఈ నాలుగు బిందెలే. ఆయన సంగతి మనకి ఇవాళే తెలిసిందా? మనవాడే కదా అని ఊరుకున్నాం. సరే, మొదట బిగించుకుంది నేను. మొదట పీకేదీ నేనే."

లేచి ఇంటికి నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. గచ్చు పగలగొట్టి, గొట్టం పట్టుకుని పానా తిప్పింది. ఎంతకీ కదల్లేదు. "ఆ రోజు ఎంత బాగా బిగించానో! నా పనితనం మీద నాకే ఒళ్ళు మండింది" అని తర్వాత నాతో చెప్పింది. చివరికి అది ఊడి, ఆమె వెనక్కి పడింది. లేచి, ఒళ్ళు దులుపుకుని, మెయిన్ పైపుకు మూత బిగించింది.

"పీకితే పీకావు గానీ, నేను దుప్పట్లన్నీ నానబెట్టక ముందు చెప్పొచ్చుగా!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. వీధంతా ఘొల్లున నవ్వింది.

ఆ నవ్వుల్లోనే మాష్టారు దగ్గి, "అమ్మాయ్, మా ఇంటికీ ఒకసారి రావాలి" అన్నారు.

"ఒకసారి కాదు మాష్టారూ, రెండుసార్లు. మీకు రెండున్నాయి."

లెక్కల మాష్టారి లెక్క తప్పడం మేము చూడటం అదే మొదలు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఆయనే ముందు నవ్వేశారు. ఇక మొహమాటం పోయింది. "తర్వాత మాది", "కాదు, మాది" అంటూ పోటీ పడ్డాం. సాయంత్రానికి వరండా ముందు గొట్టాలు గుట్టపడ్డాయి. కూలి ఇవ్వబోతే, "తగిలించినప్పుడు తీసుకున్నాను చాలు" అంది. అర్జీ మొదట్లో మాష్టారు ఒక మాట చేర్చారు: "మేమూ తప్పు చేశాం, సరిదిద్దుకున్నాం, జరిమానా వేస్తే కడతాం." ఈసారి పెన్ను కోసం తోపులాట జరిగింది.

రెండు రోజుల తర్వాత మెంబరు వచ్చాడు. "మీ మంచి కోరి చెబుతున్నా. అధికారులొస్తే ముందు మీ లైన్లే చూస్తారు."

"చూడనీ బాబూ. కుర్చీలు వేస్తాం, టీ కూడా ఇస్తాం" అంది అత్తగారు.

ఆయన దిగువ ఇళ్ళ ముందు ఇంకా ఆరని సిమెంటు అతుకులు చూశాడు. ఇంకో మాట లేకుండా కారెక్కాడు.

అధికారులు వచ్చారు, పైపు మందం కొలిచారు, మాకు జరిమానా వేశారు. బావమరిది తన ఖర్చుతోనే మళ్ళీ తవ్వి సరైన పైపు వేశాడు. మెంబరు మీద విచారణ ఇంకా నడుస్తోంది.

కొత్త పైపులో నీళ్ళు వదిలిన పొద్దున, ఎగువన చివరింట్లో బట్టలు కుట్టే పెద్దావిడ అలవాటు కొద్దీ కుళాయి కింద బకెట్ పెట్టి మిషను దగ్గర కూర్చుందట. రెండు నిమిషాల్లో బకెట్ పొంగి నీళ్ళు మెట్ల మీదుగా దూకాయి. ఆవిడ టేపు మెడలో వేసుకునే పరుగెత్తుకొచ్చింది. కుళాయి కట్టేయడం మరిచి, ధారలో రెండు చేతులూ పెట్టి చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడింది.

కొత్త పైపుకూ కలిపించుకున్న గొట్టాలను ఇంకా రెండిళ్ళవాళ్ళు తీయించలేదు. పానా అక్క రోజూ వాళ్ళ గుమ్మం ముందు ఆగి, "ఎప్పుడు రమ్మంటారు?" అని పలకరిస్తుంది.

వచ్చే ఎన్నికల్లో ఆమెనే నిలబడమని మేము బతిమాలుతున్నాం.

"అమ్మో! మెంబర్నయితే మీరు మళ్ళీ గొట్టాలు అడుగుతారు" అంది మొన్న.

"అడిగితే ఇవ్వకు" అన్నారు మాష్టారు.

"మీరు అడక్కండి మరి!"