తాతయ్య కూర్చున్న ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం వస్తే మా తాతయ్యకి ఏం చెయ్యాలో తోచేది కాదు. అంతకుముందు ఆయన తగరపువలస అవతల ఒక పల్లెలో, వాళ్ళ నాన్న కాలం నుంచీ ఒకే కామందు ఇంట్లో కంబారి. అంటే రాత్రీ పగలూ ఆ గడపకే కట్టుబడిన పనివాడు. సెలవన్న మాటే ఎరగడు.

డెబ్బైల్లో వెట్టి కూడదని చట్టం వచ్చింది. జీపులో ఎవరో అధికారులు వచ్చి, ఇక నువ్వు ఎవరికీ కంబారివి కావని చెప్పారట. ఆ సాయంత్రం తాతయ్య ఏ పనీ లేకుండా ఊరంతా తిరిగాడట, ఊరికే, సరదాకి. ఆ సరదా ఎక్కువ రోజులు నిలవలేదు. కామందు పాక ఖాళీ చేయించాడు. చుట్టుపక్కల ఎవరూ పనికి పిలవలేదు. తాతయ్య తమ్ముడు, మా చిన్నతాత, ఆకలికి తాళలేక మళ్ళీ ఆ గడపే తొక్కాడు. తాతయ్య మాత్రం మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని విశాఖపట్నం వచ్చేశాడు. రేవు దగ్గర గోదాములో బస్తాలు మోసేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న ఆ కామందు మా వాకిట్లోకి వచ్చాడు. చూడగానే తాతయ్య మంచం మీంచి లేచిపోయాడు. భుజం మీది తువ్వాలు దానంతటదే చేతిలోకి వచ్చేసింది. నాయనమ్మ నన్ను పంపించి పక్కింటి అక్క వాళ్ళ కుర్చీ తెప్పించి వేసింది, టీ పెట్టింది.

"ఏట్రా, పట్నం పడిందా? నీ తమ్ముడు బుద్ధిగా ఒచ్చీసాడు. నువ్వూ ఒచ్చీ. పాక మళ్ళీ నీకే ఇచ్చీస్తాను" అన్నాడు కామందు.

నేను అప్పుడే కొత్తగా బళ్ళో చేరాను. మళ్ళీ ఆ పల్లెకి పోవాలేమోనని నాకు ఏడుపొచ్చింది. అంతలో తాతయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మంచం మీద కూర్చున్నాడు. కామందు ఎదుట తాతయ్య కూర్చోవడం నాయనమ్మ కూడా ఎన్నడూ చూడలేదు.

"నాను రాను బాబూ. టీ తాగెల్లండి. మా తమ్ముడికి సెప్పండి, అన్న ఇంట్లో సోటుందని."

కామందు టీ ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు. తాతయ్య మోకాళ్ళు గడగడా వణుకుతున్నాయి. నేను రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు.

"తాతా, బయమేసిందా?"

"మరేటనుకున్నావు! పేణం పోయినట్టయింది" అని పకపకా నవ్వి, ఆ టీ తనే తాగేశాడు.

కామందు ఆ కబురు అందించడని తాతయ్యకి తెలుసు. అందుకే మధ్యాహ్నం బస్సెక్కి తనే వెళ్ళాడు. పొద్దువాలేవేళకి చిన్నతాత చంకలో మూటతో, చేతిలో కోడిపెట్టతో మా గుమ్మంలో సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఆ ఇరుకింట్లో కాళ్ళు చాపుకునే చోటు కూడా లేకపోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పటికీ పెద్దవాళ్ళ ముందు కాదనాల్సి వస్తే నా మోకాళ్ళూ అలాగే వణుకుతాయి. వాటిని వణకనిస్తాను. లేచి మాత్రం నిలబడను.