వెనక సీటు డైలాగు

మా మావయ్యంత పిరికివాణ్ణి నేనింకెక్కడా చూళ్ళేదు. తన నీడ చూసి తనే ఉలిక్కిపడే రకం. పనేమో సినిమా షూటింగుల్లో ప్రాంప్టింగు. కెమెరాకి కనపడకుండా నక్కి, నటులకి డైలాగులు అందిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరో రాసిన మాటలు ఇంకెవరి చెవిలోనో ఊదడమే బతుకు. ఇంట్లోనూ గుసగుసే. "కాస్త గట్టిగా ఏడవరాదూ!" అని మా అత్త రోజుకి పదిసార్లు విసుక్కునేది.

ఓసారి తను పనిచేసిన కామెడీ సినిమా ప్రివ్యూకి నన్నూ తీసుకెళ్ళాడు. ఆరుగురు హాస్యనటులు. వాళ్ళలో ఎవరు కనుబొమ్మ ఎత్తినా జనం పడీపడీ నవ్వేవాళ్ళు. ఏం లాభం? రెండున్నర గంటలూ వాళ్ళచేత జారిపడటం, చెంపదెబ్బలు తినడం, అరవడం తప్ప ఇంకేం చేయించలేదు డైరెక్టరు. ఒక్కడు నవ్వితే ఒట్టు! నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్యకి మాత్రం చెమటలు పట్టాయి. రెండో సగం కాస్త సాగిందన్న పాపానికి ఎడిటింగు అసిస్టెంటుని ముందురోజే ఇంటికి పంపేశాడట ఆ మహానుభావుడు.

"నన్నడిగితే ఏం చెప్పనే? యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఈ పని పోతే ఇంకో పని రాదు నాకు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

లైట్లు వేశారు. సినిమా ఎలా ఉందో చెప్పమని మైకు వరసగా అందరి చేతుల్లోకీ పంపుతున్నారు. "అదిరిందండీ", "వంద రోజులు గ్యారంటీ" అంటూ ఒకళ్ళని మించి ఒకళ్ళు ఆకాశానికెత్తేశారు. చివరికి మైకు మా ముందు సీట్లో పెద్దావిడ దగ్గరికొచ్చింది. ఆ ఆరుగురిలో ఆవిడే పెద్ద. డైలాగు ఒక్కటీ గుర్తుండదు. మావయ్య వెనకనుంచి అందిస్తే మాత్రం తూటాలా పేల్చేది.

ఇక కడుపులో ఆగలేదు కాబోలు, మావయ్య నా వైపు వంగి గొణిగాడు. "ఆరుగురు వంటవాళ్ళని పిలిచి అంట్లు తోమించుకున్నాడు."

ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ గుసగుస చెవినపడిందో లేదో, పెద్దావిడ మైకులో అందుకుంది. "ఆరుగురు వంటవాళ్ళని పిలిచి... అంట్లు తోమించుకున్నాడు!"

హాలు గొల్లుమంది. ఆ పూట మొదటి నవ్వు అదే. డైరెక్టరు మొహం మాడిపోయింది.

"ఇది మీ మాట కాదు. ఎవరన్నారు?"

మావయ్యకి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా సగం లేచాడు. ఎంత గట్టిగా అందామన్నా గొంతులోంచి వచ్చింది గుసగుసే. "నేనే అన్నాను."

"నేనే అన్నాను" అంది పెద్దావిడ, మైకులో, ఖంగుమని.

మావయ్య నోరు తెరిచాడు. నేను చూస్తూనే ఉన్నాను, రెండో మాట రాలేదు. మెల్లగా కూర్చుండిపోయాడు. డైరెక్టరు ఆవిడ చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

సోమవారం మావయ్యని కొత్త షూటింగుకి రమ్మన్నారు. అందులో పెద్దావిడకి అనుకున్న వేషం ఇంకొకరికిచ్చారు.

"అలవాటుకొద్దీ అనేసిందిలే మావయ్యా" అన్నాను, ధైర్యం చెబుదామని.

"అలవాటేనే. అనేశాక, తర్వాతి మాట కోసం చెవి ఇటు పెట్టింది కూడా" అన్నాడు. "నేను అందించలేదు."